మా బుజ్జిగాడి పెంపకం గురించి ఇరువైపుల పెద్దలకు ఓ బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇరువైపుల పెద్దలకు, బంధువులకు, మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు ఆంటీలకు, అంకుల్స్‌కు,

నమస్కారం.

విషయం: మా అబ్బాయి చెప్పులు తెచ్చిపెట్టిన సంఘటన, దాని మీద మీరిచ్చిన తీర్పు.

ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎందుకంటే ఫోన్లలో ఇది ఇప్పటికే మూడు రకాలుగా తిరిగింది.

పోయిన నెల ఓ ఆదివారం సాయంత్రం బాబాయిగారు, పిన్నిగారు మా ఇంటికి వచ్చారు. టిఫిన్లయ్యాయి, కాఫీలయ్యాయి. ఏడున్నరకి బాబాయిగారు "మరి వస్తామమ్మా" అంటూ లేచారు. మన ఇళ్లలో "వస్తాం" అన్నాక లిఫ్టు తలుపు మూసుకోవడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలియనిది కాదు. సోఫా దగ్గర పది నిమిషాలు, గుమ్మం దగ్గర ఇరవై. పిన్నిగారి మోకాలి ఆపరేషన్, వాళ్ల పెద్దాడికి వచ్చిన సంబంధం, మా పక్క ఫ్లాటు ఎంతకి పోయిందన్న లెక్క, అసలు కబుర్లన్నీ అక్కడే మొదలయ్యాయి. ఈలోగా నాలుగున్నరేళ్ల మా బుజ్జిగాడు చెప్పుల స్టాండు దగ్గరకెళ్లి, బాబాయిగారి చెప్పులు వెతికి, కుడిది కుడి పక్క, ఎడమది ఎడమ పక్క, మొనలు లిఫ్టు వైపు తిప్పి, ఆయన కాళ్ల ముందు పెట్టాడు. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఎవ్వరం మాట్లాడలేదు. బాబాయిగారు చెప్పులు తొడుక్కున్నారు. సంబంధం సంగతి సగంలోనే ఆగిపోయింది.

మర్నాటికల్లా "పొమ్మన్నట్టు చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పడేశాడట, అదేం పెంపకమో" అన్న మాట అమలాపురం నుంచి జనగామ దాకా వెళ్లింది. పడేయలేదండీ, పెట్టాడు. ఆరు నెలలుగా మాతోనే ఉంటున్న మా నాన్నగారు రోజూ వాకింగ్‌కి బయల్దేరేటప్పుడు వాడు అలాగే చెప్పులు తెచ్చిపెడతాడు. ఆయన "మా నాన్నే!" అని తల నిమురుతారు. వాడికి తెలిసిన మర్యాదల్లో అన్నిటికన్నా పెద్దది అదే. ఆ రోజు బాబాయిగారికి చేసిందీ అదే. తల నిమురుతారేమోనని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఈ సంగతి పిన్నిగారికి ఫోన్ చేసి చెప్పాను. "పోనీలేమ్మా, చిన్నపిల్లాడు" అన్నారు. ఆ 'పోనీలే'లో ఏమీ పోలేదని నాకు వినిపిస్తూనే ఉంది. ఫ్యామిలీ గ్రూపులో వివరంగా పెట్టాను. రెండు దండాలు వచ్చాయి. ఆ వెంటనే తామరపువ్వు మీద శుభోదయం వచ్చింది, దాని వెనకే ఇంకో నాలుగు శుభోదయాలు వచ్చాయి, నా మెసేజ్ ఎటో పైకి పోయింది. అత్తయ్యగారి చేత కూడా చెప్పించాను. ఎవరూ వినలేదు. మీరందరూ మంచివాళ్లే, పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లే. కానీ మీ మంచితనం వల్ల మా ఇంట్లో రోజువారీ జీవితం ఎలా ఉందో మీకు తెలియాలి. అందుకని పాయింట్లవారీగా రాస్తున్నాను.

1. "వెళ్తాను" అనకూడదు, "వెళ్లొస్తాను" అనాలి, ఇంకా బాగుండాలంటే "వస్తాను" అనాలి. మంచిదే. కానీ ఇది వాడికి ఎవరూ చెప్పలేదు. వేసవి సెలవుల్లో వాళ్ల అత్త "వస్తా బుజ్జీ" అని ముద్దుపెట్టి వెళ్లింది. వాడు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. "అత్త వస్తానంది కదా" అన్నాడు. తొమ్మిదింటికి తలుపుకి ఆనుకుని నిద్రపోయాడు. చేతిలో ఆమెకు చూపిద్దామని పెట్టుకున్న పసుపుపచ్చ జేసీబీ బొమ్మ అలాగే ఉంది. మర్నాడు నేను విడమర్చి చెప్పాల్సి వచ్చింది: "వస్తాం అంటే వెళ్తాం అని నాన్నా." వాడు ఇంకోసారి అడిగి మరీ నిర్ధారించుకున్నాడు. కాబట్టి బాబాయిగారు "మరి వస్తాం" అన్నప్పుడు వాడికి ఏం అర్థమైందో, చెప్పులు ఎందుకు తెచ్చాడో మీరే ఆలోచించండి. ఆ గుమ్మంలో ఉన్నవాళ్లందరిలోకీ ఆయన మాటని నమ్మింది వాడొక్కడే.

దీనికి తోడు బయటికెళ్లేవాళ్లని "ఎక్కడికి" అని అడగకూడదని మా అమ్మ నేర్పింది. వాళ్ల నాన్న ఆఫీసుకి బయల్దేరుతుంటే వీడు "ఎక్కడికి?" అన్నాడని ఆయన్ని వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి పంపింది. "దూరమా?" అని అడగాలట. సరేనన్నాడు. ఇప్పుడు ఎవరు బాత్రూమ్‌కి లేచినా "దూరమా?" అంటున్నాడు. మీలో ఇద్దరు దానికి నొచ్చుకున్నారని తెలిసింది.

2. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోతే కొండెక్కింది అనాలి. నల్లపూసలు తెగితే పెరిగాయి అనాలి. ఈ మాటలంటే నాకూ ఇష్టమే, మా అమ్మమ్మ నోట విన్నవే. కానీ జరుగుతున్నవి వినండి.

దీపం కొండెక్కిందంటే వాడు కిటికీ దగ్గరకెళ్లి చూశాడు. మాకు అక్కడ్నుంచి కనిపించేది ఎదురు బ్లాకు వాటర్ ట్యాంకు ఒక్కటే. తర్వాత నెమ్మదిగా తన తల తడుముకున్నాడు. మా అమ్మ వాడిని "బంగారు కొండ" అని పిలుస్తుంది. "నా మీదకెక్కిందా?" అని అడిగాడు. పోయిన వారం వాళ్ల నాన్న చార్జర్ వైరు తెంపేసి, "నాన్నా, వైరు పెరిగింది" అని తీసుకొచ్చి చేతికిచ్చాడు. ఆయన నిజంగానే పొడుగు చూసుకున్నారు.

అసలు నష్టం బియ్యం దగ్గర జరిగింది. కిరాణా షాపతను ఫోన్ చేసి, "బియ్యం బస్తా పంపమంటారా?" అని అడిగితే ఫోన్ వీడెత్తాడు. అంతకుముందే మా అమ్మ నాతో అన్న మాట విన్నాడు కదా. "వద్దంకుల్, మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి" అన్నాడు. బస్తా రాలేదు. ఆ రాత్రి ఆరుగురం ఉప్మా తిన్నాం. (ఇంట్లో ఉన్న మనిషిని "లేరని చెప్పు" అంటే "లేరని చెప్పమన్నారు" అనే పాత జోకు మా ఇంట్లోనూ జరిగింది. అది ప్రతి ఇంట్లో ఉన్నదే కాబట్టి వదిలేస్తున్నాను.)

3. మొహమాటం. దీన్ని నాలుగున్నరేళ్లవాడికి ఎలా నేర్పాలో తెలిసినవాళ్లు దయచేసి ముందుకు రండి. ఎవరైనా ఏదైనా ఇస్తే ముందు "వద్దు" అనాలని నేనే నేర్పాను, అది నా తప్పే. అన్నాడు. మీరు "తీసుకోరా, మొహమాటపడకు" అన్నారు. వాడు నా వంక చూశాడు. నేను "తీసుకో నాన్నా" అన్నాను. ఇది నాలుగుసార్లు జరిగేసరికి వాడికి పద్ధతి అర్థమైపోయింది. మూడో అంతస్తు ఆంటీ జంతికల పళ్లెం పట్టుకొస్తే, "వద్దు. ఇంకోసారి అడగండి" అన్నాడట. ఆవిడ నవ్వుతూనే చెప్పారు గానీ, చెప్పిన తీరు చూస్తే నాకు టెన్షన్ వచ్చింది.

వెళ్లేటప్పుడు పిల్లాడి చేతిలో నోటు పెట్టడం ఉంది కదా, అదీ ఇందులోకే వస్తుంది. మీరు పెడతారు, నేను లాక్కుని మీ బ్యాగులో పెడతాను, మీరు మళ్లీ తీసి వాడి జేబులో కుక్కుతారు. ఇద్దరి మధ్యా వాడు నిలబడి, క్రికెట్ చూసినట్టు తల అటూ ఇటూ తిప్పుతుంటాడు. ఒకసారి నోటు రెండు ముక్కలైంది. "పెరిగింది" అన్నాడు.

4. ఇది కాస్త పెద్దది, ఓపిక పట్టండి. నువ్వు, మీరు, గారు, గాడు.

మాది కోనసీమ. 'అండి', 'ఆయ్' లేకుండా మా వైపు వాక్యం పూర్తికాదు. మావారిది జనగామ. అక్కడ నానమ్మని 'నువ్వు' అంటేనే చుట్టరికం. నేను నేర్పినట్టు వాడు మా అత్తయ్యగారిని "మీరు తిన్నారా?" అన్నాడు. ఆవిడ కొంగు కళ్లకద్దుకున్నంత పని చేశారు: "ఏంది బిడ్డా, నన్ను మీరు అంటడు? నేనేమన్న పరాయిదాన్నా?" సరే అని 'నువ్వు' అనమన్నాను. ఆ వారమే ఊరి నుంచి వచ్చిన మా పెద్దమ్మని "తిన్నావా?" అన్నాడు. ఆవిడ భోజనం మానేయలేదు గానీ, రెండోసారి పెరుగు వడ్డించుకోలేదు. వాడు ఆలోచించి ఇద్దరికీ సరిపోయేలా ఓ మార్గం కనిపెట్టాడు. ఇప్పుడు ఎవరినైనా "మీరు తిన్నావా?" అని అడుగుతాడు. రెండు పక్షాలవాళ్లూ అలిగారు.

'గారు', 'గాడు' అన్నవి వాడి చెవికి ఒకేలా వినిపిస్తాయి. వాడిని అందరూ బుజ్జిగాడు అంటారు, మా నాన్నని తాతగారు అంటారు. ఓ రోజు సరదా పుట్టి "నేను బుజ్జిగారు, నువ్వు తాతగాడు" అన్నాడు. మా నాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పుడు ఇంట్లో ఉన్న మీలో ఒకరు నవ్వలేదు.

ఇంకోటి అడిగాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. నాన్న వచ్చారు, తాత వచ్చారు. అమ్మ వచ్చింది, కుక్క వచ్చింది, బస్సు వచ్చింది. "అమ్మా, నువ్వు బస్సా?" తెలుగు వ్యాకరణంలో ఏకవచనంలో ఆడవాళ్లకీ జంతువులకీ వస్తువులకీ ఒకే క్రియ. అది నేను పెట్టింది కాదు. కానీ 'నాన్న వచ్చారు, అమ్మ వచ్చింది' అని రోజూ మనమే అంటున్నాం. నిన్నటి నుంచి వాడు దాన్ని తనకు తోచినట్టు సరిచేశాడు. "కుక్కగారు వచ్చారు" అంటున్నాడు. అందరినీ ఒక మెట్టు పైకెక్కించేశాడు, గొడవ లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మా వాచ్‌మెన్ విషయం. ఆయనకి అరవై దాటి ఉంటాయి, జుట్టంతా తెలుపు. జుట్టు తెల్లగా ఉన్నవాళ్లని తాతగారు అనాలని వాడికి నేర్పాం కదా, ఆయన్నీ "తాతగారూ, బాగున్నారా?" అన్నాడు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. లేవాల్సినంత పని అయిందన్నట్టు. లిఫ్టు దగ్గరున్న మీలో ముగ్గురు ఒకేసారి నవ్వారు. "వాచ్‌మెన్‌ని గారు అంటాడేంటి!" అని ఒకరు, "అలా అనకూడదు నాన్నా, వాచ్‌మెన్ అనాలి" అని ఇంకొకరు. ఆయన కూడా "వద్దు బాబూ" అన్నారు. లిఫ్టులో పైకొచ్చేదాకా వాడు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అడిగాడు: "ఆయన జుట్టు తెల్లగా లేదా?" తెల్లగానే ఉంది. వాడు అప్పటిదాకా నేర్చుకున్న మర్యాదల్లో ఏ లోపమూ లేనిది ఇదొక్కటే. మీరు సరిదిద్దింది కూడా దీన్నే.

5. "అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?" ఈ ప్రశ్న దయచేసి ఆపండి. కిందటిసారి అడిగినవారిని వాడు తిరిగి "మీకు మీ అమ్మ ఇష్టమా, పిన్ని ఇష్టమా?" అని అడిగాడు. వాళ్లమ్మగారు, పిన్నిగారు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, నన్ను బాధ్యురాలిని చేయొద్దు.

6. రెండేళ్లప్పుడు వాడు "ఓలేయ్ వెదవా" అంటే మీరు పగలబడి నవ్వి, మళ్లీ మళ్లీ అనిపించి, వీడియో తీసి గ్రూపులో పెట్టారు. అదే మాట నాలుగేళ్లకు, 'ర' చక్కగా పలుకుతూ అన్నాడు. వీపు మోగింది. రూలు ఎప్పుడు మారిందో వాడికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు రెండేళ్ల మా చిన్నది అదే మాట నేర్చుకుంటోంది, మీరు మళ్లీ ఫోన్లు బయటికి తీస్తున్నారు.

7. ఎదుటివాళ్ల మనసులో తనకు తెలిసినదానికన్నా వేరే సంగతి ఉండొచ్చని పిల్లలకు నాలుగేళ్ల ప్రాంతంలోనే అర్థమవడం మొదలవుతుందని, వెటకారం లాంటివి ఆ తర్వాత కొన్నేళ్లకు గానీ పట్టుబడవని పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు చెబుతారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అంది, ఆటపాటలతో నేర్పమంది. ప్రభుత్వం వాడికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా గడువిచ్చింది. మీరు ఫంక్షన్ హాలు గుమ్మంలోనే పరీక్ష పెట్టి, అక్కడికక్కడే రిజల్ట్ చెప్పేస్తున్నారు.

8. వాడు పద్యం అప్పజెప్తే తాత పోలిక. తెలివిగా మాట్లాడితే నాన్న పోలిక. వడ్డించేటప్పుడు అందరికీ నీళ్లందిస్తే "మా వంశంలోనే ఉంది". చెప్పులు తెచ్చిపెడితే మాత్రం తల్లి పెంపకం. ఈ పంపకం ఎవరు చేశారు? ఆ రోజు నుంచి నేను రెండు శుభకార్యాలకు వాడిని ఇంట్లో వదిలి వెళ్లాను. ఒక సీమంతానికైతే నేనే వెళ్లలేదు, కారణం తలనొప్పి అని చెప్పాను. వాడు పక్కనే ఉండి విన్నాడు, జండూబామ్ తెచ్చిచ్చాడు. రాసుకున్నాను.

కాబట్టి నా డిమాండ్లు. విజ్ఞప్తులు అనే రాద్దామనుకున్నాను, కానీ విజ్ఞప్తులు ఇప్పటికే మూడు చేశాను.

ఒకటి. చెప్పుల విషయంలో గ్రూపులో పెట్టిన మాటని అదే గ్రూపులో వెనక్కి తీసుకోవాలి. శుభోదయం కింద కాదు, విడిగా.

రెండు. "వస్తాం" అన్నాక పది నిమిషాల్లో లిఫ్టు ఎక్కాలి. కబుర్లు మిగిలి ఉంటే ఆ మాట అనకుండా కూర్చునే చెప్పుకోండి, ఇంకో కాఫీ పెడతాను. నిజంగానే పెడతాను, "ఇప్పుడే తాగొచ్చాం" అనక్కర్లేదు.

మూడు. వాచ్‌మెన్‌ తాతగారిని వాడు ఎలా పిలుస్తున్నాడో అలాగే పిలవనివ్వాలి. కుదిరితే మీరూ ఆయన్ని 'నువ్వు' అనడం మానాలి. కుదరకపోతే వాడి ముందైనా మానాలి.

నాలుగు. 'నువ్వు', 'మీరు' సంగతి ఇరువైపుల పెద్దలూ ఒకసారి కూర్చుని మీలో మీరు తేల్చుకోవాలి. అప్పటిదాకా "మీరు తిన్నావా" అన్నదానికి "తిన్నాను" అని జవాబు చెబితే చాలు.

ఐదు. చిన్నదాని తిట్లు వీడియో తీయకూడదు. తీస్తే ఆ ఫోన్ వాడి చేతికిస్తాను. వైర్ల సంగతి పైన రాశాను కదా.

ఆరు. ఈసారి వాడు ఏదైనా చేస్తే ముందు వాడిని "ఎందుకు చేశావు?" అని అడగాలి. వాడు చెబుతాడు, దాచుకోవడం వాడికింకా రాదు. ఆ తర్వాత నన్ను అడగాలి. గ్రూపు ఆ తర్వాత.

వీటిలో ఒకటి, రెండు, మూడు సంక్రాంతి లోపు జరగాలి. భోగి రోజు చిన్నదానికి భోగిపళ్లు పోస్తున్నాం, మీరందరూ రావాలి. చిల్లర నాణేలు ఏరుకునేటప్పుడు వీడు ఎవరి కాలైనా తొక్కితే వెంటనే వంగి దండం పెడతాడు, అది నేర్చుకున్నాడు. మొన్న దోసె కిందపడితే తొక్కి, దానికీ దండం పెట్టాడు.

ఇట్లు,
మీ విధేయురాలు,
బుజ్జిగాడి తల్లి

తా.క.: ఇది రాస్తుంటే వాడొచ్చి పక్కన కూర్చుని "ఏం రాస్తున్నావు?" అన్నాడు. పెద్దవాళ్లకి ఉత్తరం అన్నాను. "నమస్తే పెట్టావా?" అన్నాడు. పెట్టలేదు. పైన ఉన్నది ఆ తర్వాత చేర్చిందే.